ఒకే గిటారుకు రెండు పెట్టెలు

కాంచనకు గిటారంటే పడదు. వాయించేది సొంత అన్న కనక అన్నన్నా పడదు, ఆ అన్నను వేదిక ఎక్కించేది కట్టుకున్న మొగుడు కనక మొగుడన్నా పడదు. ఇద్దరిలో ఎవరి పేరెత్తినా ఒంటికాలి మీద లేచేది. తిరుత్తణి బజారులో ఆమె నోటికి జడిసి, మైక్ సెట్టు బాడుగకు అడగడానికి వచ్చినవాళ్ళు ముందు షాపులో ఎవరు కూర్చున్నారో చూసి, తరవాతే మెట్టెక్కేవాళ్ళు. గయ్యాళి అన్నారు, నోరు మంచిది కాదన్నారు. అన్నవాళ్ళలో ఒక్కరైనా ఆమె స్థానంలో ఒక వారం కాపురం చేసి ఉంటే అప్పుడు వాళ్ళ నోరు ఎలా ఉండేదో నాకు చూడాలని ఉంది.

కాంచనది కుండమార్పిడి పెళ్ళి. తిరువళ్ళూరులో ఉండే అన్న నాగలింగం తిరుత్తణి సుందరరాజులు చెల్లెలు వనజాక్షిని చేసుకున్నాడు. అదే పందిట్లో, అదే ముహూర్తానికి సుందరరాజులు కాంచన మెడలో తాళి కట్టాడు. మీ పిల్ల మాకు, మా పిల్ల మీకు. వియ్యపురాళ్ళిద్దరూ, అంటే కాంచన తల్లి కస్తూరమ్మ, అత్త అలిమేలమ్మ, ఆ రోజు ఎదురెదురుగా కూర్చుని ఒక్కొక్కటీ సరిచూసుకున్నారు. అక్కడ పెట్టిన చీర లాంటిదే ఇక్కడ, అక్కడ చేయించిన కమ్మల లాంటివే ఇక్కడ. తక్కెడ ముల్లు ఒక వైపు మొగ్గినా ఊరుకునే ఆడవాళ్ళు కారు ఇద్దరూ.

పెళ్ళితో అది ఆగి ఉంటే బాగుండేది. ఆగలేదు. తిరువళ్ళూరులో వనజాక్షికి ఏది జరిగితే తిరుత్తణిలో కాంచనకు అదే జరగాలి, ఇది ఆ రెండిళ్ళ చట్టం. అక్కడ వంకాయ కూర మాడిందని నాగలింగం పెళ్ళాం మీద కేకలేస్తే, ఆ కబురు ఏదో ఒక బండిలో అరక్కోణం మీదుగా ఇక్కడికి చేరేది. మర్నాడు కాంచన ఎంత కమ్మగా వండినా సుందరరాజులు కంచం పక్కకు తోసేవాడు. ఆ వంకాయ కూర ఆమె వండలేదు, తినలేదు, కంటితో చూడను కూడా లేదు. మాటలు మాత్రం ఆమె పడింది. అటు వనజాక్షి కథా అంతే. ఇక్కడ కాంచన అత్తకు ఎదురు చెబితే అక్కడ వనజాక్షి అత్తింట్లో మొహాలు మాడిపోయేవి. ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవాళ్ళు గాని, ఆ వదిన తెలివితక్కువతనం వల్లే నా బతుకు ఇలా అయిందని ఇద్దరికీ కడుపులో మంటే.

ఈ మంటలో కాంచనకు చల్లగా ఉన్న చోటు ఒక్కటే. అది షాపు. స్టేషన్ రోడ్డులో సుందరరాజులు పెట్టిన సౌండ్ సర్వీస్. హారన్ గొట్టాలు, మైకులు, చుట్టలు చుట్టలుగా వైర్లు, వెనక గోడకు ఒక బల్ల. కొత్తలో అన్నం కారియర్ తెచ్చి ఇచ్చి పోయేది. ఒక పండగ సీజన్లో పనివాడు మానేస్తే, తెగిన వైర్లు అతకడం సుందరరాజులే నేర్పించాడు. చేయి తిరిగిన తరవాత ఆ బల్ల ఇక ఆమెదే అయింది. సోల్డరింగ్ చేసే పొగ వాసన ఆమెకు సాంబ్రాణి కన్నా ఇష్టం. ఏ మైకు గొంతు బొంగురు, ఏ హారన్ ఎక్కడ కీచుమంటుంది, చెవిని బట్టి చెప్పేది. మొగుడు మాట తీరు నచ్చక, అత్త చూపు నచ్చక ఉన్నా, పొద్దున్నే తలుపు తీసి ఆ బల్ల ముందు కూర్చుంటే ఆమెకు తన ఇంట్లో తాను ఉన్నట్టుండేది. పుట్టింట్లో కస్తూరమ్మ వంటిల్లు తప్ప ఆమెకంటూ ఒక మూల కూడా లేదు.

ఇక గిటారు సంగతి. సుందరరాజులు షాపుతో సరిపెట్టుకోక ఆర్కెస్ట్రా కూడా మొదలుపెట్టాడు. పెళ్ళి రిసెప్షన్లు, తిరునాళ్ళు, సినిమా పాటలు. నాగలింగం పగలు ఫ్యాక్టరీలో పని, సెలవు రోజుల్లో గిటారు. చుట్టుపక్కల గిటారు బాగా వాయించేవాడు అతనొక్కడే అని జనం అనుకునేవాళ్ళు. అతనూ అలాగే అనుకునేవాడు, కొంచెం ఎక్కువగానే. మద్రాసులో పాత సామాను కొట్లన్నీ గాలించి, వాల్వులు, ట్రాన్స్‌ఫార్మరు, స్పీకరు కొని, తన చేతులతో గిటారుకు ఒక యాంప్లిఫయర్ పెట్టె తయారు చేసుకున్నాడు. అదే సమయానికి సుందరరాజులు రెడీమేడ్‌గా దొరికే పెద్ద ట్రాన్సిస్టర్ పెట్టె ఒకటి కొనుక్కొచ్చాడు. ఆర్కెస్ట్రా నాది కనక గిటారు నా పెట్టెలో మోగాలని ఈయన. గిటారు నాది కనక నా పెట్టెలోనే మోగుతుందని ఆయన.

తామరైపాక్కంలో ఒక పెళ్ళి రిసెప్షన్‌లో బావలిద్దరూ దీని మీద వేదిక పైనే పట్టుబట్టారు. పెట్టె ప్లగ్గు ఒకడు పెడితే ఇంకొకడు పీకడం. పెళ్ళికూతురి మేనమామలు వచ్చి ఇద్దరినీ కిందికి దింపేదాకా గిటారు మోగలేదు. పరువు పోయింది.

అప్పుడు పంచాయతీకి తల్లులు దిగారు. అలిమేలమ్మ, కస్తూరమ్మ షాపులోనే కూర్చుని విచారించి తీర్పు చెప్పారు. రెండు పెట్టెలూ వేదిక మీదే ఉంటాయి, గిటారు రెండింటిలోనూ ఒకేసారి మోగుతుంది. ఎక్కువ తక్కువలు లేకుండా రెండు పెట్టెల వాల్యూమ్ నాబ్ ఒకే నంబరు మీద ఉండాలి. అయిదు అనుకున్నారు. ఎవరూ దొంగతనంగా తిప్పకుండా అలిమేలమ్మ రెండు పెట్టెల మీదా అయిదు దగ్గర కుంకుమ బొట్టు పెట్టింది. కమ్మలు తూచినట్టే దీన్నీ తూచేశామని ఇద్దరికీ తృప్తి. గిటారు వైరును రెండుగా చీల్చి అతకమని కాంచనకు పురమాయించారు. రెండు పెట్టెలకు ఒకే నంబరు అంటే ఒకే సౌండు కాదని ఆమెకు తెలుసు. నోరు విప్పబోయింది. అత్త, తల్లి ఇద్దరూ ఒకేసారి కళ్ళెర్ర చేశారు. సరే చూడండి అనుకుని అతికి పారేసింది.

చూడటానికి ఎంతోసేపు పట్టలేదు. నాగలింగం పెట్టె అయిదుకు వచ్చేసరికి హాలు అద్దాలు అదురుతాయి. సుందరరాజులు పెట్టె అయిదు మీద గొంతు సవరించుకుంటున్నట్టు ఉంటుంది. పైగా పెట్టె వెనక నిలబడ్డవాడికి తన పెట్టె వినిపించదు, అవతలివాడిదే వినిపిస్తుంది. ఇంకేముంది, కొలతలో మోసం చేసే పెట్టె తయారు చేసుకొచ్చాడని సుందరరాజులు అన్నాడు. చేతకాని పెట్టె కొన్నవాడు నా పెట్టెను అంటాడా అని నాగలింగం అన్నాడు. కుంకుమ బొట్టు ఉండగానే సుందరరాజులు నాబ్‌ను ఆరుకు జరిపాడు. అది చూసి అవతల నాగలింగమూ జరిపాడు. ఇతను ఏడు, అతనూ ఏడు, ఇతను ఎనిమిది. పాట పాటకూ గిటారు పెరిగి పెరిగి, తిరునిన్రవూరు కచేరీలో పాడే అమ్మాయి తన గొంతు తనకే వినిపించక మైకు కింద పెట్టి దిగిపోయింది. జనం ఈలలు వేశారు.

ఇంటికొచ్చి సుందరరాజులు ఖరాఖండిగా చెప్పేశాడు. కొండ మీది స్వామికి కావడులు ఎత్తే ఆడికృత్తిక పండగకు కొండ కింద పందిట్లో కచేరీ ఉంది. ఆ రోజు కూడా గిటారు వల్ల అల్లరయితే నాగలింగానికి ఆర్కెస్ట్రాలో చోటు లేదు. ఈ మాట తిరువళ్ళూరు చేరడమే ఆలస్యం, అక్కడి నుంచి జవాబు వచ్చింది. నాకు చోటు లేని చోట నా చెల్లెలికేం పని, ఆయన చెల్లెల్ని తెచ్చి అప్పగించి నా చెల్లెల్ని తీసుకుపోతాను.

ఇదీ సంగతి. రెండు పెట్టెలు సమానంగా మోగకపోతే ఇద్దరాడవాళ్ళు సామానులా వెనక్కి మారిపోతారు. వనజాక్షి ఏమనుకుందో గాని కాంచనకు మాత్రం కళ్ళ ముందు మొగుడు కనిపించలేదు, ఇల్లు కనిపించలేదు. బల్ల కనిపించింది. ఆ బల్ల ముందు ఇంకెవరో కూర్చుని తను అతికిన వైర్లు ఊడదీస్తున్నట్టు అనిపించింది. మరుక్షణం కోపం ముంచుకొచ్చింది. ఈ ఇద్దరు మొగాళ్ళ పంతానికి తన షాపు పోవడమేమిటి?

కచేరీకి ముందు ఆదివారం మధ్యాహ్నం, స్కూలు హాలులో రిహార్సల్. కాంచన పిలవకుండానే వెళ్ళింది. తల్లులిద్దరూ అప్పటికే గోడ వారగా బెంచీ మీద కూర్చుని కాపలా కాస్తున్నారు. ఆమె నేరుగా హాలు మధ్యలోకి పోయి, జనం కూర్చునే చోట కుర్చీ వేసుకుని కూర్చుంది. పెట్టెల వెనక నిలబడి తగువులాడేవాళ్ళకు ఏం తెలుస్తుంది, వినేది ఇక్కడ కదా అంది. అన్నను ఒకే శ్రుతి మళ్ళీ మళ్ళీ కొట్టమంది. మొదట మొగుడి పెట్టె ఒక్కటే మోగించమంది. విని, దాన్ని ఆపించి, అన్న పెట్టె ఒక్కటే మోగించమంది. తగ్గించు అని చెయ్యి దించింది. మళ్ళీ ఇది, మళ్ళీ అది. చెయ్యి ఎత్తితే పెంచాలి, దించితే తగ్గించాలి. బావలిద్దరూ ఎడమొహం పెడమొహంగా నిలబడి, ఒకరి మొహం ఒకరు చూడాల్సిన పని లేదు కనక, ఆమె చెయ్యి చూసి తిప్పారు.

చివరికి ఏది మోగుతోందో కళ్ళు మూసుకుంటే చెప్పలేనంతగా రెండూ ఒకటయ్యాయి. సుందరరాజులు నాబ్ ఏడు దగ్గర ఉంది, నాగలింగం నాబ్ మూడు దగ్గర. అలిమేలమ్మ లేచి వచ్చి రెండూ చూసి, తన కుంకుమ బొట్లు అనాథల్లా అయిదు దగ్గర మిగిలిపోవడం చూసి మండిపడింది.

"ఏడూ మూడూ సమానమా? ఎవురికి చెప్తా వుండావే నువ్వు?"

"చెవికి సమానం అత్తా," అంది కాంచన. "కంటికి కాదు."

ఇప్పుడు రెండూ కలిపి మోగించమంది. ఒక్కో పెట్టె నిండుగా మోగుతోంది, రెండూ కలిస్తే ఇంకాస్త నిండుగా ఉండాలి గదా. నాగలింగం తీగెలు మీటాడు. హాలులో సౌండు పెరగలేదు, తగ్గింది. లావు శ్రుతులన్నీ ఎవరో పీల్చేసినట్టు పోయి, పలచటి తగరపు రేకు చప్పుడు మిగిలింది. ఒక పెట్టె కట్టేస్తే మళ్ళీ నిండుగా వచ్చింది. రెండోది కలిపితే మళ్ళీ పోయింది. కస్తూరమ్మ బెంచీ మీద నుంచే, నీ సమానం ఇదేనా అని దెప్పింది. కాంచనకు తల తిరిగిపోయింది. ఇన్నాళ్ళూ కొలత తప్పుగా ఉన్నప్పుడే ఇంతకన్నా బాగుంది.

అందరూ కాఫీకి పోయాక ఆమె పెట్టెల వెనక చేరింది. షాపులో హారన్లు పరీక్షించే పద్ధతి ఒకటి ఉంది. స్పీకరుకు పోయే రెండు వైర్లకు టార్చిలైటు బ్యాటరీ ఆనిస్తే స్పీకరులోని నల్లకాగితం ఒక్కసారి ముందుకు ఉబుకుతుంది. వైర్లు అటూ ఇటూ మారి ఉంటే వెనక్కి గుంజుకుంటుంది. పెట్టెల వెనక చెక్క సందులోంచి బ్యాటరీ ఆనించి చూసింది. అన్న పెట్టెలో కాగితం ముందుకు వచ్చింది. మొగుడి పెట్టెలో వెనక్కి పోయింది. అంటే అది తోస్తున్నప్పుడు ఇది గుంజుతోంది. రెండింటి బలం వేరువేరుగా ఉన్నంతకాలం పెద్దది గెలిచింది, చప్పుడు వినిపించింది. తను కష్టపడి రెండింటికీ బలం సమానం చేసేసరికి ఒకదాన్ని ఒకటి చంపుకుంటున్నాయి. దీనికి మందు చాలా సులువు. ఒక పెట్టెలో రెండు వైర్లూ అటుదిటు మార్చి అతకాలి. ఏ పెట్టెలోనైనా సరే.

మొగుడి దగ్గరికి పోయి చెప్పింది. అతను కాఫీ గ్లాసు దించకుండానే అన్నాడు.

"అది నాకు తెలియదనుకున్నావా? వాడి పెట్టె విప్పమను."

అన్న దగ్గరికి పోయింది. నాగలింగం గిటారు తుడుచుకుంటూ, "తిరునిన్రవూరులోనే కనిపెట్టినా. ఆయన పెట్టె విప్పమను," అన్నాడు.

ఇద్దరికీ తెలుసు! అంతా తెలిసే, తన పెట్టె తప్పు అని ఒప్పుకున్నట్టు అవుతుందని, ఎదుటివాడు ముందు విప్పాలని కూర్చున్నారు. వాళ్ళు అలా కూర్చున్నంతసేపూ రెండిళ్ళలో ఇద్దరు ఆడవాళ్ళు పెట్టె సర్దుకునే పరిస్థితిలో ఉన్నారు. కాంచనకు ఒళ్ళు మండి, ఆ కాఫీ గ్లాసు తీసుకుని మొహాన కొట్టాలనిపించింది. కొట్టలేదు. బెంచీ దగ్గరికి వెళ్ళి తల్లులకు చెప్పింది. వాళ్ళయినా ఒకరిని ఒప్పిస్తారని ఆశ. ఆశ కాదు అది, తెలివితక్కువతనం.

తల్లులు అంతా విన్నారు. విని, ఒక పెట్టెలో మారిస్తే ఆ పెట్టె వాళ్ళకు తలవంపులు కాదా అన్నారు. అందుకని రెండింటిలోనూ మార్చాలని తీర్మానించారు. రెండింటిలో మారిస్తే మళ్ళీ మొదటికే వస్తుందని కాంచన గొంతు చించుకుని చెప్పింది. ఒక చెంబు బోర్లా, ఒక చెంబు వెల్లకిలా ఉంటే, రెండూ తిరగేసినా మళ్ళీ అంతే కదా అంది. అందరికీ ఎక్కలేదు. ఎక్కని వాళ్ళు ఇద్దరే, తల్లులు. ఎక్కిన వాళ్ళు మిగతా ఇద్దరూ, బావలు. వాళ్ళకు అంతా తెలిసీ, ఆయన సిద్ధమయితే నేనూ సిద్ధమే అని ఒకడు, వాడు విప్పితే నేనూ విప్పుతా అని ఒకడు, పళ్ళు బిగించి నవ్వుకుంటూ ఇద్దరూ ఒకేసారి స్క్రూడ్రైవర్లు పట్టుకున్నారు. ఇద్దరూ వైర్లు మార్చారు. ఇద్దరూ చెక్కలు బిగించారు. నాగలింగం మీటాడు. అదే తగరపు రేకు. చూడు, పెద్దవాళ్ళు చెప్పినట్టే చేశాం గదా, ఇంకేం కావాలి అన్నట్టు ఇద్దరూ కాంచన వైపు చూశారు.

ఆడికృత్తిక రోజు సాయంత్రం కొండ కింద పందిట్లో ఇసుక వేస్తే రాలనంత జనం. కావడులు దిగి వస్తున్నాయి. వేదిక మీద ఒక చివర సుందరరాజులు పెట్టె, రెండో చివర నాగలింగం పెట్టె. వనజాక్షి కూడా వచ్చింది, తిరువళ్ళూరు ఆడవాళ్ళ మధ్య ఎవరితోనూ మాట్లాడకుండా కూర్చుంది. మొదటి పాట అయింది. గిటారు ఉన్నట్టూ లేనట్టూ ఉంది. రెండో పాటకు ముందు వరసల్లోంచి ఎవరో, ఒరే గిటారు యాడ పెట్టినారు అని అరిచాడు. నవ్వులు. సుందరరాజులు మొహం ఎర్రబడింది. నాగలింగం నాబ్ మీద చెయ్యి వేశాడు. అది చూసి సుందరరాజులూ వేశాడు. మళ్ళీ పాత కథే మొదలవబోతోంది.

కాంచన నడుముకు కొంగు దోపుకుని వేదిక ఎక్కింది. చేతిలో స్క్రూడ్రైవర్. ఆమె ఎవరి పెట్టె వైపు పోతుందా అని బావలిద్దరూ చూస్తున్నారు. అన్న పెట్టె విప్పితే ఏమవుతుందో ఆమెకు బాగా తెలుసు. అన్నకు తలవంపులు, ఆ తలవంపులు వనజాక్షి మీదికి, అక్కడి నుంచి మళ్ళీ తన మీదికి. ఏళ్ళ తరబడి తిరుగుతున్న ఆ చక్రమే ఇంకోసారి తిరుగుతుంది. మొగుడి పెట్టె విప్పితే పడేది తను ఒక్కతే. ఆమె మొగుడి పెట్టె దగ్గర మోకాళ్ళ మీద కూర్చుంది.

సుందరరాజులు వంగి, జనానికి వినపడకుండా అన్నాడు.

"దాని మీద చెయ్యి పెట్టినావంటే మళ్ళీ ఇంటికి రాబాక."

"షాపులో పెట్టె ఇది. షాపులో పెట్టెలన్నీ నేనే కదా విప్పేది," అంది కాంచన. అని చెక్క ఊడదీసింది.

రెండు వైర్లు. ఒకటి ఇటు, ఒకటి అటు. ముందు వరసలో అలిమేలమ్మ లేచి నిలబడి, రెండోది కూడా విప్పు, రెండోది కూడా విప్పు అంటూనే ఉంది. కాంచన రెండో పెట్టె వైపు తల కూడా తిప్పలేదు. చెక్క బిగించి, మెట్లు దిగి, జనం మధ్యలోకి పోయి నిలబడి చెయ్యి ఎత్తింది.

నాగలింగం మీటాడు. లావు శ్రుతి ఒకటి పందిరి గుంజల్లోకి పాకి, కూర్చున్నవాళ్ళ పొట్టల్లో మోగింది. గట్టిగా కాదు, నిండుగా. పాడే అమ్మాయి ఉలిక్కిపడి వెనక్కి చూసి, నవ్వి, పాట అందుకుంది. ఆ తరవాత ఏ పాటకూ నాబ్‌ల జోలికి ఎవరూ పోలేదు. జనం చప్పట్లు కొట్టారు. గిటారు అదిరిపోయిందన్నారు. సుందరరాజులు దాన్ని తన పెట్టె గొప్పగా చెప్పుకున్నాడు, నాగలింగం తన పెట్టె గొప్పగా చెప్పుకున్నాడు. కాంచన పేరు ఎవరూ ఎత్తలేదు, ఎత్తుతారని ఆమె అనుకోనూ లేదు.

ఇంటికి పోయేసరికి తలుపు లోపల గడియ పెట్టి ఉంది. ఒకసారి కొట్టింది. లోపల అత్త దగ్గు వినిపించింది, తలుపు మాత్రం తెరుచుకోలేదు. రెండోసారి కొట్టలేదు. షాపు తాళం చెవి ఆమె నడుముననే ఉంది. పోయి షాపు తీసుకుని, వైర్ల చుట్టలు పక్కకు జరిపి, బల్ల కింద కొంగు పరుచుకుని పడుకుంది. ఏడ్చింది కూడా. ఎందుకు దాచాలి, వెక్కి వెక్కి ఏడ్చింది. తెల్లవారాక మొహం కడుక్కుని తలుపులు బార్లా తెరిచి, రాత్రి పందిట్లో తెగిన వైర్లు అతకడం మొదలుపెట్టింది.

కొంచెం పొద్దెక్కేసరికి నాగలింగం వచ్చాడు. వెనక వనజాక్షి, ఆమె చేతిలో ట్రంకుపెట్టె. కచేరీ తరవాత పండగ రద్దీలో తిరువళ్ళూరు బండి ఎక్కలేక స్టేషన్లోనే ఉండిపోయారట. తలుపు గడియ పెట్టిన కబురు అక్కడికే చేరింది. మరి ట్రంకుపెట్టె ఎక్కడి నుంచి వచ్చిందని మీరు అడగవచ్చు. కచేరీకి వచ్చేటప్పుడే తెచ్చుకున్నారు. అల్లరి అయితే వనజాక్షిని ఇక్కడే వదిలి పోదామని సర్దుకునే వచ్చాడు ఆ పెద్దమనిషి. ఎదుటి టీ కొట్టులో కూర్చుని షాపునే చూస్తున్న సుందరరాజులు కూడా లేచి రోడ్డు దాటి వచ్చాడు.

"నిన్ను వాకిట్లో నిలబెట్టినాడంట గదా," అన్నాడు నాగలింగం, బావ వైపు చూడకుండా. "వాళ్ళ పిల్లను తెచ్చి అప్పజెప్తా వుండా. లెయ్యి, పోదాం."

కాంచన చేతిలో పని ఆపలేదు.

"నీ పెట్టె నేను ముట్టుకున్నానా అన్నా?"

"లేదు."

"మరి నా తలుపు మూస్తే వదిన తలుపు ఏమిటికి మూస్తా వుండావు?"

నాగలింగం దగ్గర జవాబు ఉంది, చెల్లెలికీ తెలిసిన జవాబే. ఎప్పుడూ అంతే కదా, మన రెండిళ్ళలో అంతే కదా అన్నదే ఆ జవాబు. కాని పగటి వెలుతుర్లో, నడిరోడ్డు మీద, బావ ఎదుట ఆ మాట నోటి నుంచి రాలేదు.

"నేను యాడికీ రాను," అంది కాంచన. "నన్ను తరిమింది ఇంటి కాడ. ఇది షాపు. నేను రాకపోతే బదులు లేదు. బదులు లేకపోతే వదినను యాడ వదిలేది నువ్వు?"

ఇన్నేళ్ళలో కాంచన వనజాక్షి తరపున అన్న మొదటి మాట అది. ప్రేమతో అన్నది కాదు, కోపంతోనే అన్నది. అయినా వనజాక్షి దాన్ని పట్టుకుంది. ట్రంకుపెట్టెను కింద పెట్టబోయినదల్లా మళ్ళీ పైకెత్తి, మొగుడితో, నడవండి, బండి వేళయింది అంది. మొగుడు కదలకపోయేసరికి తనే ముందు నడిచింది. స్టేషన్ వైపు నాలుగడుగులు వేసి వెనక్కి తిరిగి, వదినా, మళ్ళీ వస్తా అని కాంచనతో చెప్పి మరీ పోయింది. నాగలింగం బావను ఒకసారి మింగేసేలా చూసి, పెళ్ళాం వెనక పోయాడు.

సుందరరాజులు షాపు మెట్టు మీద నిలబడ్డాడు. టీ కొట్టు వాళ్ళు, బండ్ల వాళ్ళు అందరూ ఇటే చూస్తున్నారు. అతను, కచేరీ నుంచి రాత్రే తెచ్చి గోడకు ఆనించిన తన పెట్టె దగ్గరికి పోయి, స్క్రూడ్రైవర్ తీసుకున్నాడు. వైర్లు మళ్ళీ పాత పద్ధతిలో మార్చేస్తాడన్నమాట. కాంచన అడ్డు పడలేదు, వద్దని అనలేదు. మార్చుకోండి, మీ పెట్టె అంది. అతను వెనక చెక్క మీద స్క్రూడ్రైవర్ ఆనించాడు, తిప్పలేదు. రాత్రి పందిట్లో ఆ మొదటి శ్రుతి అతని పొట్టలోనూ మోగింది. అది మోగలేదని తనకు తాను అబద్ధం చెప్పుకోగల మనిషి కాదు, సౌండే అతని బతుకు.

స్క్రూడ్రైవర్ బల్ల మీద పెట్టేశాడు. పెట్టే తీరులో విసురు ఉంది, కోపం ఉంది, ఇంకా చాలా రోజులు మాట్లాడనన్న పంతమూ ఉంది.

"ఇంటి తలుపు తీసే ఉంది," అన్నాడు గోడ వైపు చూస్తూ.

"ఉండనీ," అంది కాంచన. "పని అయినాక వస్తా."